మంచం కింద డిగ్రీ పట్టా

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానివి, ముప్ఫై దాటాక ఈ వీడియో గేమ్స్ ఏమిటని నన్ను అడిగేవాళ్లు తక్కువేం కాదు. నాకా ప్రశ్న కొత్తగా అనిపించదు. పొయ్యి మీద అన్నం మాడుతుంటే వారపత్రికలో సీరియల్ చదువుకుంటోందని మన అమ్మల్నీ అమ్మమ్మల్నీ ఇలాగే వెక్కిరించారు. 1960, 70 దశకాల్లో తెలుగు వారపత్రికల్ని నిలబెట్టినవాటిలో రచయిత్రుల నవలలది పెద్ద వాటా. అయినా ‘కాలక్షేపం సాహిత్యం’ అన్న ఒక్క మాటతో చాలామంది విమర్శకులు వాటిని గుమ్మం బయటే నిలబెట్టారు. ఇప్పుడు ఆడవాళ్లు ఎక్కువగా ఆడతారనుకునే గేములకి పరిశ్రమ పెట్టిన పేరు ‘క్యాజువల్’. మాటలు వేరు, తీర్పు ఒకటే. ఆడవాళ్లకి నచ్చిందంటే అందులో సరుకుండదని.

మేం నలుగురం యూనివర్సిటీ హాస్టల్లో ఒకే వరండా పంచుకున్నవాళ్లం. ఒకామె ఇప్పుడు బ్యాంకు ఆఫీసరు. ఒకామె డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఇంకొకామె పెళ్లయ్యాక డాలస్ వెళ్లింది. నెలకి రెండు ఆదివారాలు, మాకు రాత్రి, ఆమెకి పొద్దున, ఫోన్లో కలుస్తాం. ‘ఏం చదువుతున్నావే?’ అని మొదలయ్యే మా మాటల్లోకి రెండేళ్లుగా ‘ఏం ఆడుతున్నావే?’ అన్నది కూడా వచ్చి చేరింది. చరిత్ర లెక్చరరు పాత గేముల మనిషి. చేతిలో ఇమిడే ఒక చిన్న చైనా యంత్రం కొనుక్కుంది, అందులో 1980ల నాటి గేములు వందల్లో ఉన్నాయి. బ్యాంకు స్నేహితురాలు, డాలస్ స్నేహితురాలు ఆడేవి ఇండీ గేములు. అంటే పెద్ద కంపెనీల పెట్టుబడితో కాకుండా ఒకరో, పదిమందో కలిసి సొంతంగా తయారుచేసుకునేవి. మన భాషలో చెప్పాలంటే లఘు పత్రికల్లాంటివి. నేను రెండు వైపులా అడుగేస్తాను. ఆ మాటల్లోంచి, వాదనల్లోంచి నాకు తట్టిన ఒక విషయం ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను.

కథని కళ్లతో చదువుతాం. గేమ్‌ని మాత్రం చేతులతో చదవాలి. అది మన చేతులకి ఒక పని అప్పగిస్తుంది. దూకమంటుంది, కాల్చమంటుంది, ఏరుకోమంటుంది, సర్దమంటుంది. కాబట్టి ఒక గేమ్‌లో స్త్రీ పాత్ర ఉందా, బలంగా ఉందా అని అడిగితే సరిపోదు. ఆ పని ఎవరిది, ఎవరి చేతులకి అప్పగించారు అని కూడా అడగాలి. స్త్రీవాద విమర్శ ఇంటిచాకిరి గురించి ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నే ఇది.

మా తరం మధ్యతరగతి ఇళ్లలోకి వీడియో గేమ్ టీవీకి తగిలించే యంత్రంగా వచ్చింది. పసుపురంగు క్యాసెట్టు మీద ‘999 ఇన్ 1’ అని రాసి ఉండేది. లోపల నిజంగా ఉండేవి పాతికో ముప్ఫయ్యో, మిగతావన్నీ అవే, పేర్లు మార్చుకుని. యంత్రానికి రెండు రిమోట్లు. ఒకటి అన్నయ్యది, రెండోది పక్కింటి అబ్బాయిది. ‘వాడు చచ్చిపోతే నీకిస్తా’ అని ఒప్పందం. అన్నయ్యకి ఆట బాగా వచ్చేకొద్దీ మన వంతు వెనక్కి జరిగేది. ఒకవేళ వచ్చినా సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి పిలుపు వచ్చేది, మంచినీళ్లు పట్టమనో, పచ్చడి తెమ్మనో. మేం నలుగురం వేరువేరు ఊళ్లలో పెరిగాం. అయినా ఈ ఒక్క దృశ్యం నలుగురికీ ఉంది. ఆ తరవాత ఊళ్లలోకి నెట్ సెంటర్లు వచ్చాయి. సాయంత్రాలు అక్కడ గేములాడే గదుల్లో మగపిల్లల కేకలు రోడ్డు మీదికి వినబడేవి. ఆ గుమ్మం తొక్కిన ఆడపిల్ల మా నలుగురికీ తెలిసినంతలో లేదు.

టీవీ తెర మీద మాత్రం ఆడపిల్ల ఉండేది, చివర్లో. 1981లో వచ్చిన ‘డాంకీ కాంగ్’లో ఒక పెద్ద కోతి ఎత్తుకుపోయిన అమ్మాయి పైఅంతస్తులో నిలబడి ఉంటుంది. వడ్రంగి దూలాలెక్కి ఆమెను చేరాలి. అదే మనిషి 1985 నాటికి ‘సూపర్ మారియో బ్రదర్స్’లో రాకుమారి కోసం ఎనిమిది లోకాలు దాటతాడు. ఏడు కోటల చివర ఆమె ఉండదు. వేరే కోటలో ఉందన్న కబురు మాత్రం ఉంటుంది. ఆమెకి ఏం జరుగుతోందో, ఆమె ఏం ఆలోచిస్తోందో ఆట మొత్తంలో మనకి తెలియదు. ఎనిమిదో కోటలో దొరికిందా, ఆట అయిపోయినట్టే.

ఇది మనకి కొత్త కథేం కాదు. ‘పాతాళభైరవి’లో తోటరాముడు, బాలనాగమ్మ కథలో బాలవర్ధిరాజు చేసిందీ చెర విడిపించడమే. లెక్చరరు ఇక్కడ ఒక తేడా పట్టుకుంది. ‘‘బాలనాగమ్మ చెరలో ఊరికే కూర్చోలేదే. వ్రతం ఉందని చెప్పి మాయల ఫకీరుని ఏళ్ల తరబడి దూరం పెట్టింది. ఆ ఫకీరు ప్రాణం ఎక్కడుందో వాడి నోటితోనే చెప్పించింది. మన జానపదులు ఆమెకి పని ఇచ్చారు. ఈ రాకుమారికి ఆ మాత్రం కూడా ఇవ్వలేదు’’ అంది. యంత్రం కొత్తదైనంత మాత్రాన కథ ముందుకి నడవక్కర్లేదని నాకు ఆ మాటతో బాగా అర్థమైంది.

స్త్రీని ఆటలో ముందుకి తెచ్చిన పాత గేములు లేకపోలేదు. తెచ్చిన తీరు చూడాలి. 1980లో జపాన్‌లో ‘పాక్-మాన్’ని రూపొందించిన తోరు ఇవతాని, గేమ్ సెంటర్లకి ఆడవాళ్లు కూడా రావాలన్న ఆలోచనతో తుపాకులు లేని, తినడం చుట్టూ తిరిగే ఆట చేశానని చెప్పుకున్నాడు. 1982లో అమెరికాలో ‘మిస్ పాక్-మాన్’ వచ్చింది. పసుపుపచ్చ గుండ్రం అదే. దానికి ఎర్ర రిబ్బను కట్టి, పెదాలకి రంగు పూశారు. ఉత్త గుండ్రం మగవాడైంది. అతను మగవాడని చెప్పడానికి ఏ గుర్తూ అక్కర్లేదు. ఆడదవ్వాలంటే మాత్రం అలంకారం తప్పదు. మనిషి అంటే మగవాడు, స్త్రీ అందులో ఒక ప్రత్యేక రకం అన్న ఆలోచన ఇంత చిన్న బొమ్మలోకి ఇంత సులువుగా దూరిపోయింది.

1986లో వచ్చిన ‘మెట్రాయిడ్’ది ఇంకో దారి. తల నుంచి కాలిదాకా కవచం తొడుక్కున్న యోధుడిగా ఆడుతూ పోతాం. ఆట పూర్తయ్యాక ఆ యోధుడు స్త్రీ అని తెలుస్తుంది. పేరు సామస్. ఈ మలుపుని గేముల చరిత్రలో గొప్పగా చెప్పుకుంటారు. ఆ గొప్ప వెనక ఒక లెక్క ఉంది. ఆట నిదానంగా ముగిస్తే కవచం అలాగే ఉంటుంది. త్వరగా ముగించేకొద్దీ ఒక్కొక్కటే తొలగుతుంది. గంటలోపు ముగిస్తే బికినీలో నిలబడుతుంది. ఇంతసేపూ పోరాడిన మనిషి చివరికి తన ఆటగాడికే బహుమతి అయిపోతుంది. రాకుమారిని కోట చివర పెట్టారు, సామస్‌ని కవచం లోపల పెట్టారు. పెట్టిన చోటు మారింది, పెట్టిన ఉద్దేశం మారలేదు.

ఆటల్లో ఆడవాళ్ల సంగతి ఇలా ఉంటే, ఆటలు చేసిన ఆడవాళ్లని మర్చిపోవడం ఇంకో కథ. లెక్చరరుకి ఈ జాబితా కంఠోపాఠం. కాలిఫోర్నియాలో రాబర్టా విలియమ్స్ వంటింటి బల్ల మీద కాగితాలు పరచుకుని ఒక గేమ్ కథ అల్లింది. భర్త కెన్ దానికి ప్రోగ్రామ్ రాశాడు. 1980లో ‘మిస్టరీ హౌస్’గా వచ్చిన ఆ గేమ్, అంతదాకా అక్షరాలతోనే సాగిన సాహస కథల్లోకి బొమ్మల్ని తెచ్చింది. అటారీ కంపెనీలో గేమ్ సెంటర్ యంత్రాల విభాగంలో చేరినప్పుడు డోనా బెయిలీ ఒక్కతే మహిళా ప్రోగ్రామర్. ఎడ్ లాగ్‌తో కలిసి ఆమె చేసిన ‘సెంటిపీడ్’ 1981లో వచ్చి ఆడవాళ్లని కూడా ఆకట్టుకుంది. తరవాత కొన్నేళ్లకే ఆమె ఆ రంగం నుంచి తప్పుకుంది. 1982లో కెరల్ షా ‘రివర్ రెయిడ్’ రాసింది. నది మీదుగా విమానం నడిపే ఆట. కేవలం 4 కిలోబైట్లలో అంత పొడవైన నదిని బొమ్మగా దాచడం కుదరదు. అందుకని ఆడుతుండగా లెక్క ప్రకారం నది తనకి తానే పుట్టేలా చేసిందామె. సెలవుల్లో మన అన్నయ్యలు ఆడిన ఆటల వెనక ఇలాంటి చేతులు ఉన్నాయని తెలిస్తే, ‘అది మగపిల్లల వస్తువు’ అన్న మాట అప్పట్లో అంత తేలిగ్గా చెల్లేదా?

పాత కథని తిరగేసి చూపించిన ఇండీ గేమ్ ‘బ్రెయిడ్’. 2008లో జొనాథన్ బ్లో చేశాడు. అందులోనూ ఒకడు రాకుమారిని వెతుక్కుంటూ పోతాడు. కాలాన్ని వెనక్కి తిప్పగలగడం ఈ ఆట ప్రత్యేకత. చివరి ఘట్టంలో రాకుమారి ఒక యోధుడి పట్టు నుంచి తప్పించుకుని మనతో పాటు పరుగెడుతున్నట్టు కనిపిస్తుంది. కాలం సరైన దిశలో నడిస్తే తెలుస్తుంది, ఆమె పారిపోతున్నది మన కథానాయకుడి నుంచేనని. కాపాడేవాడినని నమ్మిన చేతులకి వేటాడుతున్నది తామేనని తెలియడం నాకు గొప్ప క్షణంగా తోచింది. లెక్చరరు ఒప్పుకోలేదు. ‘‘ఇది కూడా అతని పశ్చాత్తాపం కథే కదే. ఆమె ఎటు పోయిందో ఎవరైనా చెప్పారా?’’ అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆమె ఎటు పోయిందో చెప్పాలంటే వేరే గేములు కావాలి.

అవి రావడం 2010 తరవాత మొదలైంది. రాగానే వాటికి ఎదురైన ప్రశ్న ‘ఇది అసలు గేమేనా?’ అని. 2013లో వచ్చిన ‘గాన్ హోమ్’లో తుపాకీ లేదు, శత్రువు లేడు. ఖాళీ ఇంట్లో తిరుగుతూ చెల్లెలు రాసుకున్న కాగితాలు చదివి, ఆమె ఇంకో అమ్మాయిని ప్రేమించిందని తెలుసుకుంటాం. ఇలాంటివాటికి ‘నడక గేములు’ అని వెక్కిరింపు పేరు పెట్టారు. అదే ఏడు అనీటా సర్కీసియన్ గేముల్లో స్త్రీల చిత్రణ మీద వీడియో వ్యాసాలు మొదలుపెట్టింది. చెరపట్టిన రాకుమారితోనే మొదలుపెట్టింది. కుంగుబాటు గురించి ‘డిప్రెషన్ క్వెస్ట్’ చేసిన జోయీ క్విన్ మీద, సర్కీసియన్ మీద 2014లో గేమర్‌గేట్ పేరుతో జరిగిన దాడి అందరికీ తెలిసిందే. ఆ అక్టోబరులో కాల్పులు జరుపుతామన్న బెదిరింపు వచ్చి యూటా రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీలో సర్కీసియన్ తన ఉపన్యాసం మానుకోవలసి వచ్చింది. ఒక ఆట ఆటా కాదా అన్న చర్చకి ఇంత కోపం ఎందుకు? అది ఆట గురించిన చర్చ కాదు కనక. ఎవరి బతుకు చెప్పుకోదగ్గదో నిర్ణయించే అధికారం గురించిన చర్చ కనక.

ఈ నేపథ్యంలో మా నలుగురి మధ్య అన్నిటికన్నా ఎక్కువ వాదన రేపిన గేమ్ ‘అన్‌ప్యాకింగ్’. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లోని విచ్ బీమ్ అనే చిన్న సంస్థ 2021 నవంబరులో తెచ్చింది. రెన్ బ్రయర్ అనే ఆమె దీనికి ముఖ్య సూత్రధారి. 2022లో బాఫ్తా గేమ్ అవార్డుల్లో కథనానికి బహుమతి వచ్చింది. ఆడేది ఏమిటంటే, ఇల్లు మారినప్పుడు అట్టపెట్టెలు విప్పి సామాను సర్దడం. అంతే. 1997లో ఒక చిన్నపిల్ల గదితో మొదలై 2018 దాకా ఎనిమిది సార్లు సర్దుతాం. ఆమె ముఖం ఎక్కడా కనబడదు, గొంతు వినబడదు. బొమ్మలు, పుస్తకాలు, లోదుస్తులు, గరిటెలు. ఏవి ఆమెతో ఇల్లిల్లూ తిరుగుతున్నాయో, ఏవి దారిలో రాలిపోయాయో చూసి ఆమెని మనమే ఊహించుకోవాలి.

2010లో ఆమె ప్రియుడి ఇంటికి మారుతుంది. అప్పటికే ఆ ఇల్లు అతని వస్తువులతో నిండి ఉంది. అతని బట్టల పక్కన, అతని కప్పుల పక్కన, ఇరికించి ఇరికించి ఆమె వస్తువులు పెట్టాలి. చివరికి చేతిలో ఒకటి మిగులుతుంది, చట్రం కట్టిన ఆమె డిగ్రీ పట్టా. గోడలన్నీ అతనివి. హాల్లో పెడితే ఎర్రగీత, స్నానాలగదిలో పెడితే ఎర్రగీత. తప్పు చోటులో పెట్టిన వస్తువు చుట్టూ గేమ్ ఎర్రగా మెరుస్తుంది. గది గదీ తిరిగి తిరిగి ఆఖరికి ఒక్క చోట ఒప్పుకుంటుంది. మంచం కింద.

బ్యాంకు స్నేహితురాలు ఈ ఘట్టం ఆడిన రోజు ఆదివారం దాకా ఆగలేదు. రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసింది. ‘‘నాకు కోపం వచ్చిందే. వాడు ఒక్క మాట కూడా అనలేదు, తెర మీద లేనే లేడు. అయినా నా చేత్తో నేనే తీసుకెళ్లి మంచం కింద పెట్టాను’’ అంది. ఆ కోపం వెనక ఏముందో మాకు తెలుసు. ఆమె ఉద్యోగంలో ప్రమోషన్ అంటే బదిలీ. రెండుసార్లు ఆమె దరఖాస్తు పెట్టలేదు. ఇంట్లో వద్దన్నవాళ్లెవరూ లేరు. ‘నీ ఇష్టం’ అన్నారు. పాప స్కూలు, అత్తగారి మోకాళ్లు, ఆయన ఆఫీసు ఎక్కడివక్కడ సర్దేసి ఉన్నాయి. ఆమె ప్రమోషన్ ఎక్కడ పెట్టబోయినా ఎర్రగీత వచ్చింది.

ఈ గేమ్ గొప్పతనం నాకు అక్కడ కనిపించింది. అణచివేత ఎప్పుడూ చెయ్యెత్తి కొట్టే మనిషి రూపంలోనే ఉండదు. చాలాసార్లు అది గది అమరికలో ఉంటుంది. ముందే నిండిపోయిన ఇంట్లోకి స్త్రీ వస్తుంది, సర్దుకుపోతుంది. తెలుగులో ‘సర్దుకుపోవడం’ అన్న మాటలోనే ఇదంతా ఉంది. వస్తువులు సర్దడం, మనసు సర్దుకోవడం మనకి ఒకే క్రియ. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఆ కథని పాఠకురాలిగా చదివి బాధపడ్డాను. ఈ గేమ్‌లో అలికింది నేనే. చేతులతో చదవడమంటే ఇదే.

డాలస్ స్నేహితురాలు ఈ మెచ్చుకోలుకి అడ్డుపడింది. ‘‘మీకు ఒకటి తట్టలేదా? ఖాళీ అయిన అట్టపెట్టె దానంతట అదే మాయమవుతుంది. దుమ్ము లేదు, నడుం నొప్పి లేదు. నేను ఈ దేశంలో ఆరు ఇళ్లు మారాను. ఇంటిపనిలో విసుగు తీసేసి అందం మాత్రం మిగిల్చి అమ్ముతున్నారు. టీవీ ప్రకటనలో ఆవిడ నవ్వుతూ బట్టలుతకడం లాంటిదే ఇది’’ అంది. ఈ విమర్శని నేను తోసెయ్యలేను. ఇంటిచాకిరిలో అసలు బరువు ఒక్కసారి చేయడంలో లేదు. చేసింది రేపు మళ్లీ చేయడంలో ఉంది. గేమ్‌లో సర్దిన ఇల్లు సర్దినట్టే ఉండిపోతుంది. అలాంటి ఇల్లు మనలో ఎవరికైనా ఉందా?

బ్యాంకు స్నేహితురాలు ఇంకో సంగతి కనిపెట్టింది. గేమ్ సెట్టింగ్స్‌లో, ఏ వస్తువైనా ఎక్కడైనా పెట్టుకునే వీలు ఒకటి ఉంది. అది నొక్కితే ఎర్రగీతలుండవు. ఆడటం కష్టమయ్యేవాళ్లకి సదుపాయంగా పెట్టారు. దాన్ని వాడి పట్టాని హాల్లో మధ్యలో పెట్టి ఫోటో పంపించింది. మేం చాలా నవ్వుకున్నాం. నవ్వాక లెక్చరరు అంది, ‘‘ఉద్యమాలు చేసేది ఆ సెట్టింగ్ మార్చడానికే కదా. మన ఇళ్లలో ఆ మెనూ ఎక్కడుందో కనుక్కోవడానికే ఇంతకాలం పట్టింది.’’ గేమ్ కూడా ఆమెని మంచం దగ్గరే వదిలెయ్యదు. 2012లో ఆమె మళ్లీ పుట్టింటి గదికి వస్తుంది. ఆ ప్రియుడితో దిగిన ఫోటో కంటికి కనిపించే చోట పెడితే ఈసారి గేమ్ ఒప్పుకోదు. ఆ తరవాత తనదైన ఇల్లు, ఆ పైన ఆమె ఇంట్లోకి తన సామానుతో వచ్చే ఇంకో స్త్రీ. అప్పుడు చోటు ఇవ్వాల్సిన వంతు ఆమెది. మన చేతులు ఈసారి జరిపి జరిపి, చోటు చేస్తాయి.

డాలస్ స్నేహితురాలి మనసుకి దగ్గరైన గేమ్ ‘వెణ్బా’. తమిళంలో అదొక పద్యరూపం పేరు, ఇక్కడ కథానాయిక పేరు. టొరంటోలోని విసై గేమ్స్ 2023లో తెచ్చింది. 2024లో తొలి గేమ్‌కిచ్చే బాఫ్తా అవార్డు అందుకుంది. 1980ల చివర్లో తమిళనాడు నుంచి కెనడా వెళ్లిన భార్యాభర్తలు, సరైన ఉద్యోగాలు దొరక్క అవస్థ, అక్కడే పుట్టిన కొడుకు కవిన్. మనం చేసే పని వంట. వెణ్బా తన తల్లి నుంచి తెచ్చుకున్న వంటల పుస్తకం మరకలు పడి, చిరిగి ఉంది. చెరిగిపోయిన చోట ఏముండాలో మనం పూరించాలి. మొదటి వంట ఇడ్లీ. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చాలన్నది చిక్కుముడి. గుంట మీద గుంట పడకూడదు, ఆవిరి పోవాలి కదా. మన వంటింట్లో దీన్ని ఎవరూ జ్ఞానం అనరు. చూస్తూ చూస్తూ వచ్చేస్తుందంటారు. ఈ గేమ్ ఆడితే ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో ఆ ప్లేట్ల దగ్గర ఆగి ఆలోచించాల్సి వస్తుంది. తల్లుల చేతుల్లోని తెలివి ఒక చిక్కుప్రశ్నగా, పరిష్కరించాల్సిన సమస్యగా నిలబడటం నేనింతకుముందు చూడలేదు.

చెరిగిన అక్షరాల్ని పూరించడం నాకు తెలిసిన పనే. పరిశోధకులు పాత ప్రతులతో చేసేది అదే. ప్రబంధాల తప్పొప్పులు సరిచూస్తే పాఠ పరిష్కరణ అంటాం, అమ్మమ్మ సాంబారు కొలతలు గుర్తు తెచ్చుకుంటే ఏమీ అనం. తరవాత ఒక ఘట్టంలో కొడుకు ఆ పుస్తకం పట్టుకుంటాడు, తమిళం సరిగ్గా చదవలేడు. డాలస్ స్నేహితురాలి తొమ్మిదేళ్ల కొడుక్కి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఆ ఘట్టం వాడి చేతికిచ్చి పక్కన కూర్చుందట. ‘‘వాడు వండుతున్నాడే. నేను చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో ఇలా జరగడం మొదటిసారి’’ అంది. ఆ మాటలో సంతోషమెంతో, ఎత్తిపొడుపెంతో నాకు తేలలేదు.

అయినా ఇక్కడ గొంతులో ఒక ముల్లు ఉండిపోతుంది. వెణ్బాకి వంట కాక వేరే కోరిక ఏముంది? ఆమె బాధ, ప్రేమ, ఒంటరితనం అన్నీ గిన్నెలోంచే పలుకుతాయి. విమల ‘వంటిల్లు’ కవిత వంటింటిని కూలగొట్టమని పిలిచి ఇన్నేళ్లయ్యాక, మనం మళ్లీ వంటింటి వాసనకి కళ్లు తుడుచుకుంటున్నామా? లెక్చరరు గట్టిగా అంది, ‘‘తల్లిని పొయ్యి దగ్గర నిలబెట్టి దండం పెట్టడం మనకి అలవాటేగా.’’ పరాయిదేశంలో వంట ఒక భాష కూడా అవుతుందని డాలస్ స్నేహితురాలి వాదన. వంట తప్ప మాట్లాడటానికి మనిషే లేని రోజులు ఆమెకి తెలుసు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. వంటిల్లు చెర కావచ్చు, గ్రంథాలయమూ కావచ్చు. ఈ గేమ్ గ్రంథాలయాన్ని అద్భుతంగా చూపించింది. చెర మీద తెర వేసింది. ఎందుకంటే ఇందులో వండటమే ఉంది, గిన్నెలు తోమడం లేదు.

చివరగా కాలం సంగతి. పాత ‘సూపర్ మారియో’లో ఆట మధ్యలో ఆపి దాచుకునే వీల్లేదు. ఎనిమిదో కోట చేరాలంటే కదలకుండా కూర్చోగలిగే సెలవు మధ్యాహ్నం కావాలి. అలాంటి మధ్యాహ్నాలు అన్నయ్యలకి ఉండేవి. ‘వెణ్బా’ గంటన్నరలో అయిపోతుంది. ‘అన్‌ప్యాకింగ్’ ఒక్కో గదిని ఒక్కో రాత్రి సర్దుకోవచ్చు. ఇంత చిన్న గేముకి ఇంత ధరా అని ఆటగాళ్లు సణుగుతారు. రచయిత్రులు పనుల మధ్య కథానికలు రాసుకున్నప్పుడూ, వారానికి కొంత చొప్పున నవలలు రాసినప్పుడూ పెద్దమనుషులు ఇలాగే కొలతబద్ద పట్టుకొచ్చారు. ముక్కలైన కాలంలో బతికేవాళ్ల కోసం ముక్కల్లో ఇమిడే రూపం తయారైతే దాన్ని లోటుగా చూడటం అన్యాయం. ముక్కల కాలంతోనే సరిపెట్టుకోమనడమూ అన్యాయమే. నిండు మధ్యాహ్నం మనకీ కావాలి.

మనకి కావలసింది మంచి గేములొక్కటే కాదు, వాటిని చదివే విమర్శ కూడా. కథల్లో స్త్రీ పాత్రల్ని ఎలా చదివామో, అలాగే గేముల్లో స్త్రీల పనిని చదవాలి. ఏ పని ఆటగా మారింది, ఏ పని మాయమైపోయింది, ఎక్కడ ఎర్రగీత గీశారు? తెలుగు విమర్శకి ఈ ప్రశ్నలు పరాయివి కావు. కవిత్వాన్ని, కథని ఇవే ప్రశ్నలతో నిలదీసి ఇక్కడిదాకా వచ్చాం.

బ్యాంకు స్నేహితురాలు ఈసారి ప్రమోషన్‌కి దరఖాస్తు పెట్టింది. గేమ్ వల్లేనా అని అడిగితే కసురుకుంది. ‘‘మా బ్రాంచిలో నాకన్నా జూనియర్ నా పై కుర్చీలోకి వచ్చాడు, అందుకు’’ అంది. బదిలీ ఎక్కడికో ఇంకా తెలియదు. పాప స్కూలు సంగతి, ఇంట్లో వంట సంగతి అలాగే ఉన్నాయి. ఎవరు జరుగుతారో, ఎవరు చోటిస్తారో చూడాలి.